కొండచరియలును మన పుణ్యస్థలముల రక్షణయు

కోయంబుత్తూరు, మధుర ప్రాంతములలో తరతరములుగా కాపురముండు తెలుగు కుటుంబములకు కొండలతో గల చుట్టరికము చిన్నది కాదు. పుట్టువెండ్రుకలు తీయించుటకు కొండ, మ్రొక్కుబడి చెల్లించుటకు కొండ, పెండ్లియైన కొత్తజంట మ్రొక్కివచ్చుటకును కొండయే. మరుదమలై, వెళ్ళియంగిరి, పళని, అళగరుకొండ, తిరుప్పరంకుండ్రము అను పేరులు మన పిల్లలకు పాఠ్యపుస్తకము చేతికి రాకమునుపే తెలిసియుండును.

ఈ దేశమున ఈశాన్య ఋతుపవనపు వానలు అక్టోబరు మొదలు డిసెంబరు వరకు కురియును. మన చాంద్రమాన కార్తికమును, ఇచ్చటివారి సౌరమాన కార్తికమును ఈ వానల నడుమనే వచ్చును. పశ్చిమ కనుమల చేరువనున్న కోయంబుత్తూరు కొండలకు జూను మొదలు నైరుతి వానలును తగులును. అనగా జనులు కొండకు పోవు కాలమును, కొండ నాని మెత్తబడు కాలమును తరచుగా ఒక్కటియే యగుచున్నది. తల్లిదండ్రులు ఈ సంగతిని గ్రహించి, బిడ్డలకు తెలియజెప్పవలెనను కోరికతో ఈ పాఠమును వ్రాయుచున్నాము.

మన పూర్వుల కట్టడములు ఎచ్చట నున్నవి?

మధుర నాయకుల పాలనము విశ్వనాథ నాయకునితో 1529 ప్రాంతమున ఆరంభమై 1736 వరకు సాగెను. ఆ కాలమునను, అంతకుముందు విజయనగర ప్రభువుల కాలమునను తెలుగువారు సైనికులుగా, రైతులుగా, నేతగాండ్రుగా, చేతిపనివారుగా దక్షిణమునకు తరలివచ్చిరి. వారి ప్రభువులు కట్టించిన మండపములును గోపురములును నేటికిని నిలిచియున్నవి. వానిలో పెక్కులు కొండల పాదములయందే యున్నవి.

అళగరుకోవెల కొండ యడుగున నున్నది. అచ్చటి వసంతమండపమున నాయకుల కాలమునాటి రామాయణ చిత్రములు కలవు. ఆ కొండమీదనే నూపురగంగ యను ఊట పారుచున్నది. తిరుప్పరంకుండ్రమున పాండ్యుల కాలమున, 8వ శతాబ్దియందు, కొండరాతిని తొలిచి గుడి చేసిరి. దాని ముందు తరువాతి కాలమున నాయకులు మండపములు కట్టించిరి. మనవారు గిరిప్రదక్షిణమునకు పోవు తిరువణ్ణామలై మనకు మిక్కిలి దగ్గరిది కాకపోయినను, అచ్చటి తూర్పు రాజగోపురమును కృష్ణదేవరాయలు ఆరంభింపగా తంజావూరి సేవప్ప నాయకుడు పూర్తి చేయించెను.

ఇట్టి స్థలములను కాపాడుట యనగా శిల్పములకు చుట్టు కంచె వేయుట, గోడలకు సున్నము మాన్పించుట, చిత్రములపై చేయి వేయనీయకుండుట అని మనము తలంచుచుందుము. అవియు కావలసినవే. కాని గుడి వెనుకనున్న కొండను గమనింపక గుడిని మాత్రము కాపాడుట, కట్ట తెగునట్లున్న చెరువు క్రింద పైరునకు కంచె వేయుట వంటిది.

చరియ ఏల విరిగిపడును?

దూరమునుండి చూచువారికి కొండ యంతయు ఒకే రాయివలె తోచును. నిజమునకు అడుగున గట్టి రాయి యుండును. దానిపై వేలకొలది యేండ్లు ఎండకు, వానకు చివికిన రాయి యుండును. ఆపైన మన్ను, ఆ మన్నులో చెట్ల వేళ్ళు ఉండును. వాలుననున్న మన్నును దాని బరువే క్రిందికి లాగుచుండును. రేణువుల నడుమనుండు ఒరపిడియు, వేళ్ళ పట్టును దానిని నిలిపియుంచును. ఈ రెండింటికిని నిత్యము పెనుగులాట జరుగుచునే యుండును.

వాన విడువక కురిసినపుడు నీరు మన్నులోనికి ఇంకి రేణువుల సందులను నింపును. నిండిన నీరు రేణువులను ఎడముగా నెట్టును. అందుచే ఒరపిడి తగ్గును. అదే సమయమున మన్ను బరువు పెరుగును. పట్టు తగ్గి బరువు హెచ్చినపుడు చరియ జారును.

ఆ బరువెంతయో మన పిల్లలు లెక్క వేసి చూడవచ్చును. ఒక చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు వాన కురిసినచో అది ఒక లీటరు నీరగును. ఒక హెక్టారు వాలుపై 100 మిల్లీమీటర్లు కురిసినచో పది లక్షల లీటర్లు, అనగా వేయి టన్నులు. 2009 నవంబరు 10వ తేదీన నీలగిరులలోని కేత్తి యందు ఒక్క దినపు లెక్కలో 82 సెంటీమీటర్ల వాన నమోదయ్యెను. అనగా హెక్టారునకు 8,200 టన్నుల నీరు. అందు కొంత పారిపోవును, కొంత ఇంకును. అయినను ఆ వానలలో నీలగిరుల చరియలు అనేక స్థలముల విరిగి, నలువదిమందికి పైగా మరణించిరి.

మధుర చుట్టుపట్ల కొండలు వేరు తీరువి. వానిపై మన్ను తక్కువ, రాయి ఎక్కువ. పగటి యెండకు రాయి వ్యాకోచించును, రాత్రి చలికి ముడుచుకొనును. ఇట్లు ఏండ్లు గడువగా పొరలు పొరలుగా పలకలు విడివడును. పగుళ్ళలో నీరు చేరును, రావి, మఱ్ఱి మొలకలు వేళ్ళూనును. తుదకొక వానకు బండ కదలును. ఇచ్చట మన్ను జారుటకంటె బండ దొరలుట పెద్ద భయము.

ఇవి ప్రకృతి కారణములు. మనుష్యుల చేతలు వీనికి తోడగుచున్నవి. బాట వెడల్పు చేయుటకు కొండ పాదమును నిటారుగా కోయుట, వాననీటి కాలువలను చెత్తతో పూడ్చుట, చెట్లు నరకుట, దాపున రాతిగనులలో మందు ప్రేల్చుట, పూర్వము నీరు పారిన వాగులో ఇండ్లు కట్టుట అను ఇవి కొండకు కీడు చేయును. “ఇన్ని వందల యేండ్లు నిలిచిన గుడికి ఇప్పుడేమి భయము?” అని అడుగువారికి ప్రత్యుత్తరము ఇందే యున్నది. గుడి మారలేదు. దాని చుట్టునున్న కొండ మారినది.

తిరువణ్ణామలై చెప్పిన పాఠము

2024 నవంబరు 30వ తేదీన ఫెంగల్ తుపాను పుదుచ్చేరి చేరువ తీరము దాటెను. మరునాడు, డిసెంబరు 1న, తిరువణ్ణామలై కొండపైనుండి మన్నును బండలును జారి వ.ఉ.సి. నగరులోని ఇండ్లపై పడెను. ఏడుగురు మరణించిరి. వారిలో ఐదుగురు పిల్లలు.

ఆ నెల 13వ తేదీన కార్తిక దీపోత్సవము. ఏటేట ఆ దినమున 2,668 అడుగుల యెత్తుగల ఆ కొండకొనయందు దీపము వెలిగించెదరు. దానిని చూచుటకు లక్షలకొలది జనులు వత్తురు. వేలకొలది భక్తులు కొండ యెక్కుటయు వాడుక. ఆ యేడు భూగర్భ శాస్త్రజ్ఞులు కొండను పరిశీలించిరి. వాన నీటికి నేల నానియున్నదని, జనసమూహము ఎక్కుట క్షేమము కాదని తేలగా భక్తులను కొండ యెక్కనీయలేదు. దీపమునకు కావలసిన కొప్పెరను, నేతిని, వత్తిని తీసికొనిపోవు పనివారిని మాత్రము పంపిరి. దీపము యథావిధిగా వెలిగెను. భక్తులు క్రిందనుండియే దర్శించిరి.

ఆచారమునకు లోపము కలిగినదని చింతించినవారు కొందరుండవచ్చును. కాని యోచించి చూడుడు. ఆచారమునకు ప్రాణము దీపమందున్నది. మన కాళ్ళు కొండకొనను తాకుటయందు లేదు. కొండ స్థితిని కనిపెట్టి, ఏది జరుపవచ్చునో ఏది ఆపవలెనో నిర్ణయించినందువలననే ఆ పండుగ క్షేమముగా సాగెను. నిఘా యనునది సంప్రదాయమునకు శత్రువు కాదు. అది సంప్రదాయమును మనుమల కాలమునకు చేర్చు సాధనము.

మేట్టుపాళయము రైలుబాట

గుడులు మాత్రమే వారసత్వము కాదు. కోయంబుత్తూరు జిల్లాలోని మేట్టుపాళయమునుండి ఉదకమండలమునకు పోవు కొండ రైలును మనలో చూడనివారరుదు. ఇది 1899లో కూనూరు వరకును, 1908లో ఉదకమండలము వరకును నడువసాగెను. సుమారు 46 కిలోమీటర్ల బాటలో 16 సొరంగములు, 250 వంతెనలు కలవు. సముద్రమట్టమునకు 326 మీటర్ల యెత్తుననుండి 2,203 మీటర్ల యెత్తునకు ఈ బండి ఎక్కును. కల్లారు, కూనూరుల నడుమ వాలు 12 అడుగులకు ఒక అడుగువంతున నుండుటచే, పట్టాల నడుమ పళ్ళబాట నమర్చిరి. ఇంజను పళ్ళచక్రము దానిని పట్టుకొని పైకి పోవును. 2005లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలములలో చేర్చెను.

ఈ కల్లారు–కూనూరు భాగమే చరియల బెడద ఎక్కువగా గల తావు. వానకాలమున మన్నును బండలును పట్టాలపై పడి బండి ఆగుట ఏటేటి వార్తయే. 2009 నాటి వానలకు బాట తీవ్రముగా దెబ్బతినెను. వానలలో రైల్వే కావలివారు పట్టాలవెంట నడచి చూచి, సందేహము కలిగిన తావున బండిని నిలిపించెదరు. బండి రద్దయిన దినమున మనము విసుగుకొందుము. ఆ రద్దు వెనుక తడిసిన చరియను కనిపెట్టి చూచిన ఒక మనుష్యుడున్నాడని బిడ్డలకు చెప్పుట మంచిది.

తెలుగు నేలపై

మన పూర్వులు విడిచివచ్చిన తెలుగు నేలయందును ఈ చిక్కు కలదు. 2020 అక్టోబరు 21న, దసరా ఉత్సవములలో మూలానక్షత్రము నాడు, విజయవాడ ఇంద్రకీలాద్రిపై చరియ విరిగిపడెను. 2021 డిసెంబరు 1న తిరుమలకు ఎక్కు రెండవ కనుమదారిపై పెద్ద బండలు పడి బాట ధ్వంసమయ్యెను. ప్రాణహాని తప్పినది. వాహనములను మొదటి కనుమదారికి మళ్ళింపవలసివచ్చెను. ఈ రెండింటిలో ఒకటి నవరాత్రులలో జరిగెను, మరియొకటి కార్తికము కడపటి దినములలో జరిగెను. వాన కాలమును పండుగ కాలమును కలియుటను గూర్చి పైన చెప్పినమాట ఇచ్చటను నిజమగుచున్నది.

శాస్త్రజ్ఞులు కొండను ఎట్లు కనిపెట్టుచున్నారు?

మొదటి పని పటము గీయుట. ఏ వాలు ఎంత నిటారుగా నున్నది, దానిపై మన్నెంత, పూర్వము ఎచ్చట విరిగినది అను వివరములు కూర్చినచో అపాయస్థలములు తెలియును. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దేశమందలి కొండప్రాంతములకు ఇట్టి పటములను సిద్ధపరచినది. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రము 2023లో వెలువరించిన పటసంపుటమున, 1998 నుండి 2022 వరకు జరిగిన సుమారు 80,000 చరియపాటుల వివరములు కలవు.

రెండవ పని వానను కొలుచుట. భూగర్భ సర్వేక్షణ సంస్థ 2020 నుండి డార్జిలింగు, నీలగిరి ప్రాంతములకు వాన లెక్కలను బట్టి ముందస్తు సూచనలను ప్రయోగాత్మకముగా ఇయ్యసాగెను. 2024 జూలై 19న ఇందుకై కలకత్తాలో జాతీయ కేంద్రమొకటి ప్రారంభమయ్యెను.

మూడవ పని నేలలోని నీటిని, కదలికను చూచుట. మన కోయంబుత్తూరు చేరువ ఎట్టిమడైలో ప్రధాన స్థానము గల అమృత విశ్వవిద్యాపీఠమువారు కేరళలోని మున్నారునందు 2009 ప్రాంతమున వాలులో లోతుగా గొట్టములు దించి యంత్రముల నమర్చిరి. మన్నులోని నీటి ఒత్తిడి ఎంత పెరిగినదో, నేల ఎంత ఒరిగినదో ఆ యంత్రములు తీగలు లేకుండగనే తెలుపును.

నాలుగవది ఆకాశమునుండి చూచుట. 2025 జూలై 30న శ్రీహరికోటనుండి ఇస్రో, నాసా సంస్థలు కలిసి నైసార్ అను ఉపగ్రహమును ప్రయోగించెను. దాని రాడారు మబ్బులగుండ కూడ చూడగలదు. 12 దినముల కొకసారి అదే నేలను మరల చూచి, కొన్ని సెంటీమీటర్ల కదలికనైనను పట్టగలదు. గుడి వెనుక కొండ ఏటికి ఇంత జారుచున్నదని విరుగకమునుపే తెలిసికొనుటకు ఇట్టి సాధనము మిక్కిలి యుపకరించును.

ఇన్ని యంత్రములున్నను ఊరివారి కన్ను అక్కరలేకపోలేదు. వయనాడులో కల్పెట్ట యందలి హ్యూమ్ కేంద్రము, ఆ జిల్లాయందంతటను స్థానికుల తోడ్పాటుతో సుమారు 200 వానకొలతపాత్రల లెక్కలు సేకరించుచున్నది. 2024 జూలై 30న ముండక్కై, చూరల్మల ప్రాంతములు చరియపాటునకు లోనగుటకు ముందే, తమ లెక్కలను బట్టి అధికారులకు హెచ్చరిక తెలిపితిమని ఆ కేంద్రమువారు చెప్పిరి. రైతు చేతిలోని సాధారణ పాత్ర ఎంత విలువగలదో దీనివలన తెలియుచున్నది. హెచ్చరిక పుట్టుట ఒక పని, అది వినబడి జనులు కదలుట మరియొక పని. ఈ రెండును జరిగిననే ప్రాణము దక్కును.

తల్లిదండ్రులును పిల్లలును చేయదగినవి

వానకొలతపాత్రను ఇంటనే చేసికొనవచ్చును. అంచులు నిటారుగా నుండి, అడుగు చదునైన గాజుపాత్రను చెట్టు, చూరు దాపున లేని తావున నిలుపుడు. వాతావరణశాఖవారివలె ప్రతి దినము ఉదయము 8½ గంటలకు నీటి యెత్తును కొలబద్దతో చూచి, నోటుపుస్తకమున తేదీతో వ్రాయుడు. ఒక దినమున 64.5 మిల్లీమీటర్లు మొదలు భారీ వాన, 115.6 మొదలు అతిభారీ వాన, 204.4 దాటినచో అసాధారణ వాన యని ఆ శాఖవారి వాడుక. రెండు మూడు దినములు వరుసగా భారీ వాన కురిసినచో కొండప్రయాణమును వాయిదా వేయుడు. మ్రొక్కు ఒక వారము ఆలస్యమైనను దేవుడు కోపింపడు.

కొండకు పోయినపుడు ఈ గురుతులను చూచుటకు పిల్లలకు నేర్పుడు. మెట్లపైన గాని బాటపైన గాని వాలునకు అడ్డముగా కొత్త పగుళ్ళు, ఒకే వైపునకు ఒరిగిన చెట్లు, దీపస్తంభములు, ఎన్నడు లేనిచోట పుట్టిన ఊట, తేటగా పారు ఊట అకస్మాత్తుగా బురదగుట, వాన కురియుచుండగనే వాగు నీరు తగ్గుట, పైనుండి చిన్న రాళ్ళు పలుమారు రాలుట. వీనిలో ఏది కనబడినను అచ్చట నిలువక ప్రక్కకు తొలగి, దేవస్థానమువారికి గాని, జిల్లా అత్యవసర సంఖ్య 1077కు గాని తెలుపవలెను.

పాత మండపములలోని పగుళ్ళను కొలుచు పద్ధతి తేలికయైనది. పగులునకు అడ్డముగా సున్నపు బిళ్ళను గాని సన్నని గాజుపలకను గాని అతికించి తేదీ వ్రాయుదురు. అది చిట్లినచో పగులు పెరుగుచున్నదని అర్థము. ఇది పని తెలిసినవారు, దేవస్థానము లేక పురావస్తుశాఖ అనుమతితో చేయవలసిన పని. మనము శిల్పమును తాకరాదు. ఏటేట ఒకే స్థలమునుండి తీసిన ఛాయాచిత్రములను దాచియుంచుట మాత్రము ఎవరైనను చేయవచ్చును. మన ఇండ్లలోని పాత యాత్రా చిత్రములలో వెనుకనున్న కొండ ఎట్లుండెనో చూపునవి ఉండును. వానిని పారవేయకుడు.

మరియొక మాట. వాలుగా నున్న నేలకు అడ్డుగా కట్టిన గోడలను నమ్మరాదు. 2019 డిసెంబరు 2న మేట్టుపాళయము చేరువ నడూరులో వానకు తడిసిన రాతిగోడ ఇండ్లపై కూలి 17 మంది నిద్రలోనే మరణించిరి. 2025 ఏప్రిల్ 30న సింహాచలమున చందనోత్సవమునాడు వానలో గోడ కూలి ఏడుగురు భక్తులు మరణించిరి. గోడ వెనుక చేరిన నీరు పోవుటకు కన్నములుండవలెను, అవి పూడిపోకుండవలెను. గోడ ఉబ్బినట్లున్నను, కన్నములనుండి నీరు రాకయున్నను అపాయమని తలంచి దూరముగా నుండవలెను. క్యూ వరుసలో నిలువవలసివచ్చినను ఇది మరువరాదు.

ఇంట చర్చింపదగిన ప్రశ్నలు

1. మన కుటుంబము ఏటేట పోవు కొండ యేది? దాని వాననీరు ఏ కాలువలగుండ క్రిందికి వచ్చుచున్నది? ఆ కాలువలు నేడు తెరచియున్నవా, పూడియున్నవా?

2. తాతముత్తాతలకు ఆ కొండపై చరియ విరిగిన జ్ఞాపకమున్నదా? ఏ యేడు, ఏ వైపున? పెద్దలు చెప్పగా పిల్లలు తెలుగులో వ్రాసి దాచవలెను.

3. అర హెక్టారు వాలుపై 120 మిల్లీమీటర్ల వాన కురిసినచో ఎన్ని టన్నుల నీరు పడును?

రెండవ ప్రశ్నను మేము ముఖ్యమైనదిగా తలంచుచున్నాము. పటములందెక్కని పాత చరియపాటులు పెద్దల నోటిలో దాగియున్నవి. ఏ వాగు ఎన్నడు పొంగినది, ఏ బండ ఎప్పుడు దొర్లినది అను సంగతులు మన యింటి తెలుగులోనే చెప్పబడుచు వచ్చినవి. పిల్లలు ఆ భాషను విడిచినచో, దానితోపాటు ఆ కొండ చరిత్రయు మాయమగును. ఈ వానకాలమున ప్రతి కుటుంబమును ఒక నోటుపుస్తకము తెరచి, ఒక ప్రక్క వాన లెక్కయు, మరియొక ప్రక్క పెద్దల జ్ఞాపకములును వ్రాయించినచో, అది మన పుణ్యస్థలములకును మన భాషకును ఒక్కసారిగా చేసిన సేవ యగును.